బడి కమిటీలు ఎందుకు నీరుగారిపోతున్నాయి? కొన్ని అపోహలు, వాస్తవాలు

ప్రభుత్వ బడుల్లో పాఠశాల యాజమాన్య కమిటీలకు శిక్షణ ఇవ్వడం, ఆ తర్వాత వాటి వెంట ఉండి పనులు కదిలేలా చూడటం నా వృత్తి. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. చట్టం ఇంత బలమిచ్చినా చాలా ఊళ్లలో కమిటీ తీర్మానాల పుస్తకం దాటి బయటికి రాలేదు. ఆ పుస్తకాన్ని పిల్లల చేతికిచ్చి ఇళ్లకు పంపి సంతకాలు పెట్టించుకునే బడులూ ఉన్నాయి. ఇలాంటి కమిటీని మళ్లీ నిలబెడదామని ఎవరు పూనుకున్నా ముందుగా ఎదురయ్యే మాటలు ఇవి.

అపోహ: తల్లిదండ్రులకు పట్టింపు లేదు, పిలిచినా రారు.

వాస్తవం: మనం ఏ వేళకు పిలుస్తున్నామో చూడాలి. పనిరోజు ఉదయం పదకొండు గంటలకు సమావేశం పెడతారు. నాట్ల కాలంలోనో, పత్తి తీతల కాలంలోనో ఆ పూట బడికి రావడమంటే ఒక రోజు కూలి వదులుకోవడమే. అలా వదులుకుని వచ్చిన తల్లికి దక్కేదేమిటి? ఉపాధ్యాయులు కుర్చీల్లో, ఆమె కింద పట్టా మీద. అరగంట ఉపన్యాసం, చివర్లో సంతకం, పైగా నలుగురిలో "మీవాడు బొత్తిగా చదవడం లేదమ్మా" అన్న మాట. రెండోసారి ఆమె రాకపోతే తప్పు ఆమెది కాదు.

అందుకే నేను ముందుగా తల్లులనే అడుగుతాను, ఏ పూట వీలవుతుందని. ఒక ఊళ్లో సంత రోజు సాయంత్రం అంటారు, ఇంకో ఊళ్లో పొద్దున్నే పనులకు వెళ్లకముందు అంటారు. పట్నం నుంచి బస్సులో వచ్చిపోయే ఉపాధ్యాయులకు ఇది ఇబ్బందే, కాదనను. రెండు వైపులా సర్దుబాటు చేయించడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టం. పిలిచే తీరు కూడా మారాలి. "సమావేశం ఉంది, రండి" అంటే ఎవరూ కదలరు. "ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదు, దాని సంగతి ఈ రోజు తేల్చాలి" అంటే వస్తారు. వచ్చాక అందరూ ఒకే ఎత్తులో, గుండ్రంగా కూర్చోవాలి.

అపోహ: చదువు రానివాళ్లు లెక్కలేం చూస్తారు?

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. మన ఊళ్లలో పొదుపు సంఘాలు నడుపుతున్నది ఈ తల్లులే. తీర్మానం రాయించడం, బ్యాంకు రుణం తెచ్చుకోవడం, వాయిదా కట్టనివారిని నిలదీయడం వాళ్లకు కొత్త కాదు. ఆ నేర్పు బడి గేటు దగ్గర ఆగిపోతోందంటే, లోపల లెక్క ఎవరూ విప్పి చెప్పకపోవడం వల్లే.

ఒక ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం గురించి మాట్లాడుతున్నాం. పిల్లవాడికి పూటకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు వండాలని చెప్పాను. వేలిముద్ర వేసే ఒకామె వేళ్ల కణుపుల మీద లెక్క కట్టి, "అరవై మందికి కిలో రెండు వందల గ్రాముల పప్పు పడాలి కదా, ఈ గిన్నెలో అరకిలోకు మించి లేదు" అంది. గరిటెతో సాంబారు ఎత్తి, అడుగు కనిపించేలా పక్కకు తీసి చూపింది. వంట చేసే ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. నెలల తరబడి బిల్లులు రాక కిరాణా కొట్టులో అప్పు పుట్టడం లేదట. అప్పటిదాకా ఆమెను దొంగగా చూసిన వాళ్లే, బకాయి ఎంతో తేల్చి తీర్మానం రాయించి మండల విద్యాధికారికి పంపారు. తర్వాత వంతుల వారీగా తూకం చూడటం మొదలుపెట్టారు.

బడికి ఏటా వచ్చే గ్రాంటు విషయమూ అంతే. పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్షా నిబంధనల ప్రకారం 30 మంది వరకు ఉన్న బడికి ఏడాదికి 10,000 రూపాయలు, 31 నుంచి 100 మంది ఉంటే 25,000, 101 నుంచి 250 దాకా ఉంటే 50,000. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు ఖర్చు పెట్టాలి. ఈ నాలుగు వాక్యాలు సమావేశంలో గట్టిగా చదివితే చాలు, ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి.

అపోహ: కమిటీ అంటే ఉపాధ్యాయులపై నిఘా.

వాస్తవం: ఉపాధ్యాయులు వేళకు వస్తున్నారా అని చూడటం కమిటీ బాధ్యతే. అయితే వాళ్ల మీద బోధనేతర పనులు రుద్దకుండా కాచుకోవడం కూడా దాని బాధ్యతే. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప ఇతర బోధనేతర పనులకు ఉపాధ్యాయులను పంపరాదని విద్యాహక్కు చట్టంలోని 27వ సెక్షన్ చెబుతోంది. కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లో ఉపాధ్యాయుల ఫిర్యాదులు ముందుగా వినాల్సిన వేదిక కూడా ఈ కమిటీయే. ఈ సంగతి తెలియక చాలామంది ప్రధానోపాధ్యాయులు తమకు అండగా నిలవాల్సిన వాళ్లనే దూరం పెట్టుకుంటున్నారు.

అపోహ: పలుకుబడి ఉన్న మనిషిని చైర్మన్ చేస్తే పనులవుతాయి.

వాస్తవం: ఆ బడిలో పిల్లలున్న తల్లిదండ్రుల నుంచే చైర్‌పర్సన్‌ను ఎన్నుకోవాలి. ఎన్నికైన భార్య ఇంట్లో ఉండి, భర్త వచ్చి కుర్చీలో కూర్చోవడాన్ని నేను ఒప్పుకోను. ఆమె వచ్చేదాకా సమావేశం మొదలుపెట్టవద్దని ప్రధానోపాధ్యాయులకు చెబుతాను.

అపోహ: ఏడాదికోసారి పెద్ద సభ పెడితే సరిపోతుంది.

వాస్తవం: 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నిటిలో ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. అలాంటి రోజున బడి కళకళలాడుతుంది, మంచిదే. కానీ పగిలిన కుళాయి సంగతి అంత జనంలో తేలదు. ఆ రోజు వచ్చిన ఫిర్యాదులన్నీ రాసుకుని, వారంలోగా కమిటీ కూర్చుని ఒక్కో పనికి ఒక్కో మనిషి పేరు రాయాలి.

అపోహ: అభివృద్ధి ప్రణాళిక అధికారులు చూసుకునేది.

వాస్తవం: 22వ సెక్షన్ ఆ పని కమిటీకే అప్పగించింది. ప్రభుత్వం ఇచ్చే నిధులకు ఆ ప్రణాళికే ఆధారం కావాలని కూడా చెప్పింది. నమూనా నిబంధనల ప్రకారం ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం మూడు నెలల ముందే, అంటే డిసెంబరు దాటకుండా, కొత్త కమిటీ దాన్ని సిద్ధం చేయాలి. కాబట్టి దసరా సెలవులు అయ్యాక జరిగే మొదటి సమావేశంలోనే తల్లిదండ్రులను గదిగదికీ తిప్పి చూపించండి. కారుతున్న కప్పు, చాలని బెంచీలు, తక్కువైన ఉపాధ్యాయులు, తరగతివారీగా పిల్లల సంఖ్య, అన్నీ వాళ్ల చేతే చెప్పించి అక్కడికక్కడే రాయించండి.