పాయ మోయగలిగేదెంత? రొయ్యల చెరువుల స్థల ఎంపిక వెనుక కథ

1990 ప్రాంతంలో నెల్లూరు తీరంలో రొయ్యల చెరువుకు స్థలం చూసేవాళ్లు అడిగేవి ప్రధానంగా రెండే. పక్కన ఉప్పునీటి పాయ ఉందా? ఎకరం ఎంత చెబుతున్నారు? టైగర్ రొయ్యకు విదేశాల్లో మంచి గిరాకీ ఉంది, విశాఖ తీరంలో సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా హేచరీ (రొయ్య పిల్లలను పుట్టించే కేంద్రం) పెట్టడంతో సీడ్, అంటే రొయ్య పిల్లల బెంగ కూడా తగ్గింది. కండలేరు పాయ వెంట చూస్తుండగానే చెరువులు గట్టుకు గట్టు ఆనించుకుని లేచాయి.

చూడాల్సినవి ఇంకా ఉన్నాయని తెలియక కాదు. మట్టి సంగతే తీసుకుంటే, గుప్పెడు మట్టి తడిపి ఉండ చేసి పైకి ఎగరేసి పట్టుకోవాలి. ఉండ చెదరకపోతే గట్టు నిలుస్తుంది, ఇసుక పాలు ఎక్కువైతే చెరువులో నీళ్లు ఆగవు. ఇది ఎవరైనా చేయగల పరీక్ష. మడ అడవులు నరికిన చోట మాత్రం ఇది చాలదు. అక్కడి మట్టి తడిగా ఉన్నప్పుడు పీహెచ్ (ఆమ్లగుణాన్ని చెప్పే కొలత) బాగానే చూపిస్తుంది. తవ్వి గట్టు పోశాక గాలి తగిలి, అందులోని గంధకం ఆమ్లంగా మారుతుంది. తొలి వానకు ఆ ఆమ్లం గట్టు మీద నుంచి చెరువులోకి దిగుతుంది. అందుకే శాంపిల్‌ను కొన్ని వారాలు ఆరబెట్టి మళ్లీ కొలవమంటారు. కొనే తొందరలో అన్ని వారాలు ఆగేదెవరు?

ఇక నీళ్లు. సుందరవనాల్లో లాగా మన దగ్గర పెద్ద పోటు రాదు. ఆటుకూ పోటుకూ తేడా సుమారు ఒకటి, ఒకటిన్నర మీటర్లే. తూము తెరిస్తే చెరువు దానంతటదే నిండి, దానంతటదే ఖాళీ అయ్యే వీలు తక్కువ. అందుకని మోటార్లు పెట్టారు. మోటారు ఉంటే నేల ఎత్తుపల్లాలతో పెద్దగా పని లేదు కాబట్టి స్థలం ఎంపికలో అదో ధీమా అయింది. ఒకరి మోటారు పాయలోంచి నీళ్లు తోడుతుంటే, ఆ పక్కాయన మురుగు అదే పాయలోకి వదిలేవాడు. 1994లో రొయ్యలను చంపే తెల్లమచ్చ వైరస్ తగిలినప్పుడు అది చెరువు నుంచి చెరువుకు పాకడానికి ఈ నీళ్లే దారి. ఎవరి స్థలం వాళ్లు బాగానే చూసుకున్నా, ఆ పాయ ఎన్ని చెరువుల మురుగును మోయగలదో లెక్క కట్టినవాళ్లు లేరు.

తర్వాతి మలుపు కోర్టులో వచ్చింది. రొయ్యల చెరువుల వల్ల తాగునీళ్లు ఉప్పెక్కుతున్నాయని, వరి పొలాలు పాడవుతున్నాయని తమిళనాడుకు చెందిన సర్వోదయ నేత ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సంప్రదాయ పద్ధతుల్లో సాగేవి తప్ప తీర నియంత్రణ మండలంలోని, అంటే సముద్ర తీరం వెంట ఆంక్షలున్న మేరలోని చెరువులన్నీ తీసేయాలంది. పులికాట్, చిలకా సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్ల మేర కూడా వద్దంది. తీర్పును మళ్లీ చూడమంటూ వేసిన రివ్యూ పిటిషన్లతో అమలు ఆగింది. చివరికి 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి ఆ సాగుకు దారి తెరిచింది.

ఆ చట్టం, మార్గదర్శకాలతో దూరాలు వచ్చాయి: సముద్రపు పోటు గరిష్ఠంగా చేరే గీత నుంచి 200 మీటర్లు, 500 మందికి మించిన ఊరికి 300 మీటర్లు, తాగునీటి వనరుకు 100 మీటర్లు. వరి పొలాన్ని, మడ అడవిని చెరువు చేయకూడదు. చెరువులు కిక్కిరిసిన చోట, నీళ్లు కలిసే పాయ ఎంత మోయగలదో చూశాకే కొత్తవాటికి అనుమతి ఇవ్వాలని కూడా రాశారు. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన నిబంధన ఇదే. కానీ దూరాలైతే టేపు పట్టి కొలవొచ్చు, పాయ మోసే బరువుకు టేపు లేదు.

2009లో వెనామీ అనే రొయ్య సాగుకు అనుమతి వచ్చాక ఈ ముడి ఇంకా బిగిసింది. ఈ రొయ్య తక్కువ ఉప్పులోనూ పెరుగుతుంది కాబట్టి పాయ పక్కన స్థలమే కావాలన్న పట్టింపు పోయింది. గోదావరి డెల్టాలో ఉప్పునీటి బోరు, పక్కన ఒక మురుగు కాలువ ఉంటే చాలనుకున్నారు. 2005 నాటి నిబంధనల ప్రకారం రెండు హెక్టార్ల వరకు ఉన్న చెరువు దరఖాస్తును జిల్లా కమిటీయే చూసి నేరుగా అథారిటీకి సిఫార్సు చేస్తుంది, 40 హెక్టార్లు దాటితే పర్యావరణ ప్రభావ అధ్యయనం కావాలి. ఒకే కాలువ మీద పాతిక మంది తలా రెండు హెక్టార్లు తవ్వితే అవీ 40 దాటి 50 హెక్టార్లవుతాయి. వాటికి మాత్రం ఆ అధ్యయనం అడగరు.