పాస్టరు ట్రస్టు అంటే ఫారిన్ డబ్బులేనా? అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో పాస్టరుగా ఉంటూ, పేదల కోసం ఒక చిన్న ట్రస్టు నడుపుతున్నాను. మా పని గురించి ఊళ్లలో తరచూ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: పాస్టరు ట్రస్టు పెట్టాడంటే ఫారిన్ డబ్బులే.

వాస్తవం: 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేనిదే బయటి దేశం విరాళం ఒక్క రూపాయి కూడా ముట్టకూడదు. అవి ఉన్నా, డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోనే పడాలి. 2020 సవరణతో ఆఫీసు ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. వచ్చిన సొమ్మును ఇంకో సంస్థకు ఇవ్వడం కూడా కుదరదు. మాకు ఆ రిజిస్ట్రేషనే లేదు. ఆదివారం కానుకలు, ఆడవాళ్లు ఎసట్లో పోసే ముందు తీసి పక్కన పెట్టే గుప్పెడు బియ్యం, చెన్నైకి వలసెళ్లిన కుర్రాళ్లు ఫోన్‌పేలో పంపే వందా రెండొందలూ... వీటితోనే నడుస్తోంది.

అపోహ: సాయం కావాలంటే మతం మారాలి.

వాస్తవం: మా జాబితాలో మతం అడిగే గడి లేదు. బియ్యం పంచే చోట ప్రార్థన పెట్టం. ఎవరైనా అలా బేరం పెడితే నేను సమర్థించను.

అపోహ: తండ్రి పోయిన పిల్లల్ని పాస్టరు దగ్గర వదిలేస్తే చాలు.

వాస్తవం: "అయ్యగారూ, మా మనవణ్ని మీకాడే ఉంచీసుకోండి" అని అడిగే అవ్వలు చాలామంది. ఉంచుకోకూడదు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం రిజిస్టరు కాని హోమ్ నడపడం నేరం. దిక్కులేని బిడ్డ కనబడితే 24 గంటల్లోగా పిల్లల హెల్ప్‌లైన్ 1098కో, పోలీసులకో, బాలల సంక్షేమ కమిటీకో చెప్పాలి. అయినా ఈ పిల్లల్లో చాలామందికి ఇల్లుంది, అవ్వ ఉంది. లేనిది డబ్బు. అర్హత ఉంటే మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద నెలకు 4,000 రూపాయలు వస్తుంది. దానికి తండ్రి మరణ ధ్రువపత్రం కావాలి, చిక్కంతా అక్కడే. మనిషి ఎక్కడ చనిపోతే అక్కడే నమోదవుతుంది. కొడుకు వేరే రాష్ట్రంలో పని చేస్తూ పోయాడనుకోండి, మా జిల్లా కవిటిలో ఉన్న అవ్వ ఆ కాగితం ఎలా తెచ్చుకుంటుంది? ఆ తిరుగుడే మా సేవలో సగం. దీనికి ఫొటోలుండవు లెండి.

అపోహ: కిడ్నీ రోగిని చూడ్డానికి కొబ్బరి బొండాలు, అరటిపళ్లు పట్టుకెళ్తే పుణ్యం.

వాస్తవం: కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతంలో ఇది మరీ ప్రమాదం, పెరట్లోనే కొబ్బరిచెట్లు కదా! బొండం నీళ్లలోనూ అరటిపండులోనూ పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. రక్తంలో పెరిగితే గుండె ఆగిపోవచ్చు. నీళ్లు కూడా డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు. మంచం పక్కన డజను బొండాలు పెట్టి "తాగు మావయ్యా, చలవ చేస్తుంది" అని బలవంతం చేసేవాళ్లని చూస్తే నాకు టెన్షన్. ప్రభుత్వ కేంద్రంలో డయాలసిస్ ఉచితమే, పింఛనూ నెలకు 10,000 ఉంది. కానీ సాధారణంగా వారానికి మూడుసార్లు పలాసకో సోంపేటకో వెళ్లి రావాలి, తోడు వచ్చే మనిషికి ఆ రోజు కూలి పోతుంది. బొండాల డబ్బులు ఆటో అతనికి ఇచ్చేయండి.