అక్క శ్రుతిలో పలికిన టైరు

మా బావగారు పోయిన ఏడాది ఒక జర్మన్ సెడాన్ కొన్నారు. సెకండ్ హ్యాండే అయినా బాగా చూసుకున్న బండి. తలుపు వేస్తే బయటి రొద మొత్తం బయటే ఆగిపోతుంది. సిటీలో సిగ్నళ్ల మధ్య తిరిగినన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి 70 దాటగానే మాత్రం కింద నుంచి ఒక మూలుగు మొదలయ్యేది. ఇంత డబ్బు పోసి కొన్న బండిలో పక్కనున్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి రావడం ఆయనకు నిజంగా బాధగా ఉండేది. ఒక వర్క్‌షాపులో చూపిస్తే వీల్ బేరింగ్ పోయిందన్నారు. మార్పించారు. శబ్దం అలాగే ఉంది.

మా అక్క చాలా ఏళ్లుగా పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పుతోంది. ఒక ఆదివారం ముగ్గురం శంషాబాద్ వైపు వెళ్తున్నాం. వెనక సీట్లో కళ్లు మూసుకుని కూర్చున్న అక్క ఉన్నట్టుండి, "ఒరేయ్, ఇది ఒక శబ్దం కాదురా, రెండు" అంది. "ఒకటి మీ బావ వేగం పెంచితే పైకి జారుతోంది, తగ్గిస్తే కిందికి దిగుతోంది. రెండోది రోడ్డు గరుకుగా ఉన్నచోటే వస్తోంది. వేగం ఎంతున్నా దాని శ్రుతి మారట్లేదు. ఇంచుమించు నా శ్రుతే, ఐదున్నర."

కొత్త టైర్లు కొనే ముందు తెలుసుకోవాల్సిన సంగతి సగం ఆ మాటల్లోనే ఉంది. "టైర్లు సౌండ్ చేస్తున్నాయి" అని షాపుకి వెళ్తే ఏవో కొత్త టైర్లు వేసి పంపుతారు. వినిపిస్తున్నది ఏ శబ్దమో తేల్చుకోకపోతే, పెట్టిన డబ్బుకు ఫలితం ఉంటుందో లేదో అదృష్టం మీద ఆధారపడినట్టే.

ముందు ఆ జారే శబ్దం సంగతి చూద్దాం. బావగారి బండి టైరు సైజు 225/45 ఆర్17. అంటే టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 45 శాతం, రిమ్ము 17 అంగుళాలు. లెక్క వేస్తే బయటి చుట్టుకొలత దాదాపు 2 మీటర్లు వస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు, అంటే చక్రం సెకనుకు 11 చుట్లు తిరుగుతుంది. టైరు మీద ఉండే రబ్బరు ముక్కల్ని మన షాపుల్లో బటన్ అంటారు కదా, చుట్టూ ఒక వరసలో అలాంటివి 70 ఉన్నాయనుకుందాం. సెకనుకు దాదాపు 780 సార్లు ఒక్కో ముక్క రోడ్డును తడుతుంది. సెకనుకు 780 దెబ్బలంటే అది చెవికి దెబ్బల్లా వినిపించదు, స్వరంగా వినిపిస్తుంది. వేగం 100కి పెంచితే దెబ్బలు 970 దాటుతాయి, స్వరం పైకి జారుతుంది.

ముక్కలన్నీ ఒకే కొలతలో ఉంటే ఈ స్వరం భరించలేనంత స్పష్టంగా ఉంటుంది. అందుకే టైరు డిజైన్ చేసేవాళ్లు కావాలనే వరస తప్పిస్తారు. పొట్టి, మధ్యరకం, పొడుగు ముక్కల్ని ఒక క్రమం దొరకకుండా కలిపి పేరుస్తారు. వందమంది కవాతు చేస్తే ఒకే అడుగు చప్పుడు వినిపిస్తుంది. అదే వందమంది జాతరలో నడిస్తే గలగల మాత్రమే ఉంటుంది. పుట్టే శక్తి దాదాపు అంతే, కానీ అది ఒకే స్వరం మీద పోగుపడదు. మీ టైరును దగ్గరగా చూడండి, పక్కపక్క ముక్కల పొడవుల్లో తేడా కంటికే కనిపిస్తుంది.

దెబ్బలు ఒక్కటే కాదు. గాడుల్లో చిక్కుకున్న గాలి రోడ్డు మీద నొక్కుకుని బుస్సున బయటికి వస్తుంది. టైరు రోడ్డును తాకే చోట పొడవు గాడి రెండు చివర్లా తెరిచిన గొట్టమవుతుంది. ఆ తాకిడి 15 సెంటీమీటర్లు ఉంటే, అంత పొడవు గొట్టం పలికే స్వరం దాదాపు 1,150 హెర్ట్జ్, అంటే సెకనుకు అన్ని అదురులు. పిల్లనగ్రోవి సూత్రమే ఇది. ఆపైన గుండ్రని టైరు, చదునైన రోడ్డు కలిసేచోట ముందూ వెనకా సన్నగా మొదలై విచ్చుకునే ఖాళీ ఉంటుంది. సన్నాయి చివర గిన్నెలా ఆ ఖాళీ శబ్దాన్ని పెద్దది చేసి బయటికి పంపుతుంది. టైరు ఎంత వెడల్పైతే ఈ సన్నాయి అంత బాగా పనిచేస్తుంది. కార్ల టైరు శబ్దంలో ఎక్కువ భాగం 1,000 హెర్ట్జ్ చుట్టుపక్కలే ఉండడానికి ఇవన్నీ కలిసి కారణం.

అయితే బావగారి బండిలో ఈ శబ్దం మామూలుగా లేదు. కారణం చేత్తో తెలిసింది. బండి ఆపి వెనక టైరు మీద అరచేయి పెట్టి ముందుకు నిమిరితే నున్నగా ఉంది, వెనక్కి నిమిరితే రంపం పళ్లలా గీరుకుంది. ప్రతి ముక్కా ఒక అంచున ఎక్కువ అరిగి, రెండో అంచున నిక్కి ఉంది. వీల్ అలైన్‌మెంట్ కొద్దిగా తప్పినా, గాలి తక్కువగా ఉన్నా, టైర్లను ముందుకీ వెనక్కీ మార్చకుండా ఏళ్ల తరబడి నడిపినా ఇలా అవుతుంది. కష్టమేమిటంటే, ఒకసారి రంపం పళ్లు వచ్చాక అలైన్‌మెంట్ సరిచేసినా శబ్దం వెంటనే పోదు. ఆ రబ్బరు ఆకారమే అలా తయారైపోతుంది. పైగా టైరు పక్కగోడ మీద ఉండే నాలుగంకెల తేదీ చూస్తే దానికి ఆరేళ్లు దాటాయి. (ఆ నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం.) ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది. గట్టి రబ్బరు రోడ్డును మెత్తగా తాకదు, కొడుతుంది.

బేరింగ్ విషయంలో ఒక చిన్న పరీక్ష ముందే తెలిసుంటే ఆ ఖర్చు తప్పేది. బేరింగ్ పోతే బండి మలుపు తిరిగినప్పుడు మూలుగు మారుతుంది, బరువు ఒక పక్క చక్రం మీదికి ఒరుగుతుంది కాబట్టి. కింద రోడ్డు తారు నుంచి సిమెంటుకు మారగానే శబ్దం మారిందంటే అది టైరుదే.

ఇక అక్క శ్రుతిలో పలికిన రెండో శబ్దం. నాకు ఇదే ఎక్కువ ఆశ్చర్యం. టైరులో ఉన్నది గాలి. ఆ గాలి రిమ్ము చుట్టూ గుండ్రంగా మూసుకుపోయిన ఒక గొట్టంలో ఉంది. బావగారి టైరులో ఆ గాలి వలయం నడిమి చుట్టుకొలత దాదాపు 1.67 మీటర్లు. రోడ్డు మీది గరుకు టైరును అదిరిస్తే ఆ అదురు లోపలి గాలిలో శబ్దంగా చుట్టూ పరుగెత్తుతుంది. ఒక అల సరిగ్గా ఆ చుట్టుకొలతలో పట్టేస్తే, తనను తాను బలపరుచుకుంటుంది. 30 డిగ్రీల వేడిలో శబ్ద వేగం సెకనుకు 349 మీటర్లు. దాన్ని 1.67తో భాగిస్తే దాదాపు 209 హెర్ట్జ్. కర్ణాటక సంగీతంలో ఐదున్నర శ్రుతి అంటే దాదాపు 208 హెర్ట్జ్. అక్క చెవి అంత దగ్గరగా పట్టుకుంది.

చక్రం ఎంత వేగంగా తిరిగినా గాలి వలయం కొలత మారదు కాబట్టే ఈ శ్రుతి పెద్దగా కదలదు. గాలి ఒత్తిడి మార్చి చూద్దామని బావగారు అన్నారు. దానితో కూడా ఇది మారదు. ఎక్కువ గాలి కొడితే ఒత్తిడీ సాంద్రతా రెండూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి, శబ్ద వేగం అలాగే ఉంటుంది. దాన్ని మార్చేది ఉష్ణోగ్రత ఒక్కటే. బాస్కెట్‌బాల్‌ను నేలకేసి కొడితే వినిపించే టింగుమనే మోత కూడా లోపలి గాలి పలికేదే. టైరులో పుట్టిన ఈ మోత గాలి గుండా మన చెవికి రాదు. రిమ్ము, ఇరుసు, సస్పెన్షన్ మీదుగా బాడీలోకి ఎక్కి, కారు లోపలే వినిపిస్తుంది. కిటికీ అద్దాలు ఎంత మందంగా ఉన్నా దీన్ని ఆపలేకపోవడానికి కారణం అదే.

దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన మందు చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. టైరు లోపలి వైపు పాలీయురేథేన్ స్పంజి పట్టీ ఒకటి అంటిస్తారు. అలగా కదిలే గాలి స్పంజి రంధ్రాల్లో దూరి రాసుకుని, తన శక్తిని కొద్దిపాటి వేడిగా పోగొట్టుకుంటుంది. కాంటినెంటల్ దీన్ని కాంటీసైలెంట్ అంటుంది, మిషెలిన్ అకౌస్టిక్ అంటుంది, పిరెల్లీ పీఎన్‌సీఎస్ అంటుంది. పేర్లు వేరైనా పని ఒకటే. ఈ స్పంజి 200 హెర్ట్జ్ ప్రాంతపు మోతను బాగా తగ్గిస్తుంది, రంపం పళ్ల ఈలను మాత్రం ఏమీ చేయలేదు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పకుండా ఉండలేను. గాలి టైరుకు మొదటి పేటెంటు తీసుకున్నది రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లాండ్ యువకుడు, 1845లో, 23 ఏళ్ల వయసులో. డన్‌లప్ దాన్ని మళ్లీ కనిపెట్టడానికి 40 ఏళ్లకు పైగా ముందు. అప్పటికి కార్లు లేవు, గుర్రపు బండ్లే. ఆ పేటెంటులో థామ్సన్ చెప్పుకున్న ప్రయోజనాలు మూడు: బండి లాగడానికి తక్కువ బలం సరిపోవడం, ప్రయాణం సుఖంగా ఉండడం, బండి చేసే శబ్దం తగ్గడం. మన ఊళ్లలో ఇనుప పట్టా చక్రాల ఎడ్లబండి చప్పుడు విన్నవాళ్లకు, ఆ తర్వాత వచ్చిన టైరు బండి ఎంత మెత్తగా సాగేదో చూసినవాళ్లకు ఆ మూడో ప్రయోజనం విలువ వేరే చెప్పక్కర్లేదు.

మరి అంత ఖరీదైన కార్లలోనే ఈ బాధ ఎందుకు ఎక్కువ? మొదటి కారణం, మిగతా శబ్దాలు అణిగిపోవడం. మామూలు కారులో ఇంజను, గాలి హోరు కలిసి టైరు శబ్దాన్ని కప్పేస్తాయి. కారు 50 దాటితే ఇంజను కన్నా టైర్ల శబ్దమే ఎక్కువ. ఇంజను అసలే మెత్తగా నడిచే బండిలో టైరు ఒంటరిగా వినిపిస్తుంది. ఎలక్ట్రిక్ కార్లు కొన్నవాళ్లకు ఇది ఇంకా బాగా తెలుసు. రెండో కారణం అందం కోసం వేసే పెద్ద రిమ్ములు. రిమ్ము పెరిగేకొద్దీ పక్కగోడ పొట్టిదై, రోడ్డు అదురును మింగే రబ్బరు తగ్గిపోతుంది. మూడోది రన్‌ఫ్లాట్ టైర్లు. గాలి పోయినా కొంత దూరం నడవడానికి వీటి పక్కగోడను చాలా గట్టిగా కడతారు. ఆ గట్టిదనం ప్రతి గతుకునూ లోపలికి మోసుకొస్తుంది. బావగారి బండికి ఉన్నవి ఇవే.

టైరు షాపులో కుర్రాడు ఒక టైరు చూపించి, "సార్, ఇది 69 డెసిబెల్సే, అది 72" అన్నాడు. ఆ అంకె నిజమైనదే, కానీ దాన్ని ఎక్కడ కొలిచారో చూడాలి. యూరప్‌లో 2012 నవంబరు నుంచి కారు టైర్లకు ఈ అంకె చూపే లేబుల్ తప్పనిసరి. పరీక్షలో ఇంజను ఆపేసి కారును దాదాపు 80 కిలోమీటర్ల వేగంతో ప్రత్యేకమైన నున్నని ట్రాక్ మీద దొర్లిస్తారు, దారి మధ్య నుంచి 7.5 మీటర్ల దూరంలో మైకులు పెట్టి కొలుస్తారు. అంటే అది రోడ్డు పక్క ఇంట్లో ఉన్న మనిషికి వినిపించే శబ్దం, కారులో కూర్చున్న మనకు వినిపించేది కాదు. పైగా ఆ కొలతలో వాడే లెక్క ప్రకారం 200 హెర్ట్జ్ శబ్దాన్ని 1,000 హెర్ట్జ్ శబ్దం కన్నా దాదాపు 11 డెసిబెల్స్ తక్కువ చేసి చూస్తారు. అక్క విన్న మోతకు ఆ లేబుల్‌లో చోటే లేదు. 3 డెసిబెల్స్ తేడా అంటే శబ్ద శక్తి సగమైనట్టు, నిజమే. కానీ చెవికి శబ్దం సగమైనట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ తగ్గాలి. లేబుల్ చూడొద్దని నేననను. మన దేశంలో కూడా ఏఐఎస్-142 అనే ప్రమాణంలో టైరు శబ్దంతో పాటు తడిరోడ్డు మీద పట్టుకూ, దొర్లే నిరోధానికీ హద్దులు ఉన్నాయి. వానాకాలం మన రోడ్ల మీద తిరిగేవాళ్లు శబ్దం కన్నా ముందు తడిపట్టునే చూడాలి, ఇందులో నాకు రెండో మాట లేదు.

చివరికి బావగారు రన్‌ఫ్లాట్లు తీసేసి, అదే సైజులో, అదే లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు), అదే స్పీడ్ రేటింగ్ (తట్టుకోగల వేగం) ఉన్న మామూలు టూరింగ్ టైర్లు నాలుగూ వేయించారు. స్పంజి ఉన్నవి ఆ రోజు ఆ సైజులో దొరకలేదు. రన్‌ఫ్లాట్ మానేస్తే ఒక బాధ్యత నెత్తిన పడుతుంది. ఆ బండిలో స్టెప్నీ ఉండదు, రాత్రిపూట హైవే మీద పంక్చర్ అయితే దిక్కుండదు. అందుకని పంక్చర్ కిట్టు, గాలి కొట్టే చిన్న పంపు డిక్కీలో పెట్టించాను. అలైన్‌మెంట్ కూడా అదే రోజు చేయించాం, లేకపోతే కొత్త టైర్లకూ మళ్లీ రంపం పళ్లే వస్తాయి.

ఆ వారమే మళ్లీ ఔటర్ ఎక్కాం. జారే శబ్దం పూర్తిగా పోయింది. 100లో వెళ్తున్నా బావగారు, అక్క మామూలు గొంతుతో మాట్లాడుకున్నారు. కొంత దూరం వెళ్లాక తారు గరుకుగా ఉన్న ముక్క వచ్చింది. అక్క మాట ఆపి తల కొంచెం పక్కకు వంచింది.

"ఉంది, కానీ చాలా మెల్లగా" అంది. "అదే శ్రుతి."