పంట మారిస్తే చాలు, కర్బనం పెరుగుతుందా?

శ్రీకాకుళం జిల్లాలో మట్టి పరీక్షలు చేయడం నా పని. నివేదిక చేతికి రాగానే రైతులు నత్రజని, భాస్వరం, పొటాష్ చూసి మడిచి జేబులో పెట్టుకుంటారు. సేంద్రియ కర్బనం, అంటే ఆకు, వేరు, పెంట కుళ్లి మట్టిలో మిగిలే కర్బనం దగ్గర ఆగేవారు తక్కువ. ఆగినవారి నోట తరచూ వినే మాటలివి.

అపోహ: వరి తర్వాత మినుము వేస్తున్నాం, ఇక కర్బనానికి లోటేమిటి?

వాస్తవం: మినుము వేరు బొడిపెలు గాలి నుంచి పట్టేది నత్రజనిని. కర్బనం నేలకు చేరాలంటే ఆకు, కాండం, వేరు అక్కడే కుళ్లాలి. వంశధార ఆయకట్టులో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చల్లే మినుము మిగిలిన తేమతోనే బతుకుతుంది, పెద్దగా ఎదగదు. దాన్నీ వేళ్లతో సహా పీకి కళ్లానికి మోసుకుపోతే చేలో మిగిలేది రాలిన ఆకే. మొదలు దగ్గర కోయండి, వేరు నేలలోనే ఉండనివ్వండి. పొట్టు పశువులకు కావాలంటారు, కాదనలేను. కానీ ఆ పెంట ఇంటి పక్క మడికే పోతుంది, దూరపు చేను ముఖం చూడదు.

అలాగని మినుమును తీసిపారేయకండి. అది వదిలిన నత్రజనితో తర్వాతి వరి దండిగా వేళ్లూనుతుంది. కర్బనం ఆ దారిన వస్తుంది.

అపోహ: మొక్కజొన్న వేశాం, బోలెడంత చొప్ప వచ్చింది.

వాస్తవం: వచ్చింది, ఆ చొప్పకు నిప్పు పెట్టారు.

అపోహ: నార కోసం వేసే గోగు నేలను పీల్చేస్తుంది.

వాస్తవం: విజయనగరం వైపు ఈ మాట ఎక్కువ. కోసిన గోగును రెండు మూడు రోజులు చేలోనే ఉంచితే ఆకంతా అక్కడే రాలుతుంది. చెరువులో ఊరడానికి పోయేది కర్రే.

అపోహ: నిరుడు పంట మార్చాం, ఈ ఏడు అంకె మారాలి.

వాస్తవం: ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు. నివేదికలో కర్బనం 0.4 శాతం నుంచి 0.5కు పెరగాలంటే 900 కిలోల కర్బనం నేలలో నిలవాలి. ఎండుగడ్డిలో కర్బనం దాదాపు 40 శాతమే, అందులోనూ ఎక్కువ భాగం ఏడాదిలోపే గాలిలో కలుస్తుంది. కొన్నేళ్లు పడుతుంది మరి.

ఒకాయన ఒకే మడి నుంచి రెండు సంచులు తెచ్చారు. కర్బనాన్ని కొలిచే నారింజ రంగు రసాయనం డైక్రోమేట్, ఆమ్లం పోయగానే ఒక ఫ్లాస్కు నారింజ రంగులోనే ఉంది, రెండోది ఆకుపచ్చకు తిరిగింది, అంటే కర్బనం దండిగా ఉన్నట్టు. ఆయన మురిసిపోయారు. ఎక్కడ తవ్వారని అడిగితే, పెంటకుప్ప తీసిన చోట అన్నారు.