నిద్ర చాలని మెదడుకి ఆ సంగతే తెలియదు

రొయ్యల గుంటల మీద రాత్రి కాపలా ఉండేవాళ్లని ఎవరినైనా అడగండి, మా నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట కానీ విడవలూరు కానీ అల్లూరు కానీ, "నాలుగైదు గంటలు పడుకుంటే చాలన్నా, అలవాటైపోయింది" అనే చెప్తారు. అబద్ధమేమీ కాదు, వాళ్లకి నిజంగానే అలా అనిపిస్తుంది. నాకు భయమేసేది కూడా అక్కడే. నిద్ర తగ్గేకొద్దీ పనిలో చురుకు తగ్గుతుంది సరే, ఎంత తగ్గిందో కనిపెట్టే తెలివి కూడా దాంతోపాటే తగ్గిపోతుంది.

అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ల ప్రయోగం ఒకటుంది, 2003లో అచ్చయింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లని ల్యాబులోనే ఉంచి, కొందరిని రాత్రికి 8 గంటలు, కొందరిని 6, ఇంకొందరిని 4 గంటలు మాత్రమే పడుకోనిస్తూ 14 రోజులు చూశారు. పెట్టిన పరీక్షల్లో ఒకటి మరీ సులువు. ఎదురుగా చిన్న తెర ఉంటుంది, అందులో ఎప్పుడో చెప్పకుండా, రెండు సెకన్లకో పది సెకన్లకో అంకెలు పరుగు మొదలుపెడతాయి, కనపడగానే బటన్ నొక్కాలి, పది నిమిషాలు అదే పని. అర సెకను దాటితే తప్పినట్టు లెక్క. 8 గంటలు పడుకున్నవాళ్లకి పెద్దగా తేడా రాలేదు. మిగతావాళ్లకి రోజురోజుకీ తప్పులు పెరుగుతూనే పోయి, రెండు వారాలయ్యేసరికి ఒకటి రెండు రాత్రులు బొత్తిగా నిద్రలేనివాళ్ల స్థితికి వచ్చేశారు. అయితే "నిద్రొస్తోందా?" అని అడిగితే, మొదటి కొన్ని రోజుల తర్వాత వాళ్ల జవాబు పెద్దగా మారలేదు! తప్పులు పెరుగుతున్నాయి, మనిషికేమో బాగానే ఉన్నాననిపిస్తోంది. అలవాటు అని మనం అనుకునేది ఇదే.

టీ తాగితే సరిపోతుందిగా అంటారు. మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది, అది పెరిగేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది, పడుకుంటేనే అది తగ్గేది. టీలోని కెఫీన్ చేసేదల్లా అడినోసిన్ అతుక్కోవాల్సిన చోట తను అతుక్కుని దానికి దారి లేకుండా చేయడమే. పోగైంది పోగైనట్టే ఉంటుంది. పైగా ఒంట్లోకి వెళ్లిన కెఫీన్లో సగం పోవడానికే సుమారు ఐదారు గంటలు పడుతుంది కాబట్టి, తెల్లవారుజామున మూడింటికి తాగిన గ్లాసుడు టీ పొద్దున ఏడింటికి ఇంటికొచ్చి పడుకున్న నిద్రని కూడా పాడు చేస్తుంది.

గుంట దగ్గర ఇంకో కష్టం ఉంది. పగలు ఎండకి నీళ్లలోని నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది, పొద్దుగూకితే ఆ పని ఆగిపోతుంది, ఇక రాత్రంతా రొయ్యలూ నాచూ బ్యాక్టీరియా అన్నీ కలిసి ఉన్నదాన్ని వాడేస్తుంటాయి. అందుకే తెల్లారబోయే ముందు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ ఆగినా, కరెంటు పోయి జనరేటర్ వేయడం ఆలస్యమైనా ఆ వేళలోనే రైతు కొంప మునిగేది. మనిషి ఒంటి వేడి తగ్గి, మెదడు బాగా మందగించే వేళ కూడా అదే, ఇంచుమించు మూడు నుంచి ఐదు మధ్య. వెలుతురుని బట్టి నడిచే గడియారం ఒకటి మెదడు అడుగున, కంటి నరాలు కలిసే చోటికి కాస్త పైన ఉంది. ఇలాంటి గడియారం కణం లోపల ఎలా నడుస్తుందో ఈగల మీద పరిశోధించి తేల్చినందుకే ముగ్గురు శాస్త్రవేత్తలకి 2017లో నోబెల్ ఇచ్చారు. జీతం పెంచినా, మేనేజర్ కేకలేసినా ఆ గడియారం తన వేళ మార్చుకోదు.

ఆ వేళలో వచ్చేవి కునుకులు, రెండు మూడు సెకన్లవి. కొన్నిసార్లు కళ్లు తెరిచే ఉంటాయి, కునుకు పట్టిందని మనిషికి తెలియను కూడా తెలియదు. ఎక్కువసేపు మేలుకోబెట్టిన ఎలుకల్లో, అవి మామూలుగా తిరుగుతుండగానే కొన్ని నాడీకణాలు మాత్రం నిద్రలోలా కాసేపు ఆగిపోవడం 2011లో కనిపెట్టారు.

డ్యూటీ దిగి పొద్దున్నే బైకెక్కి హైవే మీదికొచ్చేవాళ్లని తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది. గంటకి 60 కిలోమీటర్ల మీద మూడు సెకన్ల కునుకంటే 50 మీటర్లు. 1997లో ఆస్ట్రేలియాలో కొలిచి చూస్తే, 17 గంటలు ఏకబిగిన మేలుకున్న మనిషి తీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి తీరుతో సమానంగా తేలింది. మన చట్టం ఒప్పుకునేది 0.03 వరకే. తాగి నడిపితే పట్టుకోవడానికి మిషన్ ఉంది, నిద్ర చాలక నడిపేవాడిని ఆపి ఊదమనడానికి ఏమీ లేదు.

నెల్లూరు రెసిడెన్షియల్ కాలేజీల పిల్లల గురించి కూడా చెప్పాలి. పొద్దున్నే ఐదింటికి లేపి, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్లు పెడితే ర్యాంకులొస్తాయని తల్లిదండ్రులూ నమ్ముతున్నారు. చదివింది మొదట మెదడులో హిప్పోకాంపస్ అనే భాగంలో పడుతుంది, పగలు కలిసి పనిచేసిన అక్కడి కణాలే గాఢ నిద్రలో మళ్లీ కలిసి పనిచేస్తాయి (ఎలుకల్లో 1994లోనే చూశారు), అలా చదివింది మెదడు పైపొరల్లో పాతుకుంటుంది. నిద్ర కోసేస్తే చదువునే కోసేస్తున్నట్టు. పదహారేళ్ల పిల్లలకి 8 నుంచి 10 గంటలు కావాలి, ఆ వయసులో ఒంట్లో గడియారం ఆలస్యంగా నడుస్తుంది గనక వాళ్లకి రాత్రి నిద్ర పట్టేదే లేటు. అలాంటివాళ్లని ఐదింటికి లేపడం నాకు అన్యాయమనిపిస్తుంది.

గుంటలున్నవాళ్లకి నేను చెప్పేదొకటే. ఒక్క మనిషితో రాత్రంతా లాగించకండి. ఇద్దరిని పెట్టి, రెంటి దాకా ఒకరు, రెండు నుంచి ఇంకొకరు అని పంచండి, రెండో అతను సాయంత్రం ఏడెనిమిదికే పడుకుని వచ్చేలా చూడండి. పొద్దున దిగాక వెంటనే బండి తీయనివ్వకుండా షెడ్డులోనే ఇరవై నిమిషాలు నడుం వాల్చమనండి, లేచాక ఆ మత్తు వదలడానికి ఇంకో పావుగంట ఆగి బయల్దేరమనండి.