నాభి కింద మొదలయ్యే విసురు

వడ్ల బస్తాలు లారీకెత్తే హమాలీల్ని చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను గానీ, కళ్లు పెట్టి చూసింది మాత్రం ఐకిడో అనే జపాన్ యుద్ధవిద్య మొదలుపెట్టిన రెండో ఏడు. మాది మిర్యాలగూడ పక్కన పల్లెటూరు. ఆ యాసంగిలో కొనుగోలు కేంద్రం దగ్గర మా కుప్ప కాంటా అయ్యేదాకా నాన్నతో పాటు పొద్దంతా కూర్చున్నాను. నలభై కిలోల బస్తా. యాభై దాటిన ఒక పెద్దాయన, నాకన్నా సన్నగా ఉన్నాడు, బస్తాను ముందుగా తన తొడల దాకా లాక్కుని, పొట్టకు ఆనించుకుని, ఆ తర్వాత మోకాళ్లు సాపి లేచాడు. చేతులు దాన్ని పట్టుకున్నాయంతే, ఎత్తింది చేతులు కాదు. నేను ఊరికే ఉండలేక ఒక బస్తా పట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, "చేతులతోని ఎత్తితే నడుము పోతది బిడ్డా. బస్తాను ఒంటికి గుంజుకోవాలె, ఇగ లేపేది కాళ్లే" అన్నాడు.

హైదరాబాద్‌లో మా ఐకిడో గురువు ఏడాదిన్నరగా చెప్తున్నదీ అదే. నాకే ఎక్కలేదు. ఎదుటి మనిషిని పడేయాలంటే భుజంలో బలం ఉండాలి అనుకుని, ఉన్న బలమంతా భుజంలోకి తెచ్చుకుని, నాకన్నా ఇరవై కిలోలు ఎక్కువున్న పార్ట్‌నర్‌ను నెట్టీ నెట్టీ రెండు నెలలు భుజం నొప్పితో తిరిగాను.

లెక్క చాలా సులువు. నలభై కిలోల బస్తాను వెన్నెముకకు అర మీటరు దూరంలో పట్టుకున్నారనుకోండి. వెన్నును నిలబెట్టే కండరాలు ఎముకకు దాదాపు అయిదు సెంటీమీటర్ల దూరం నుంచే లాగుతాయి. అంటే బస్తా ఉన్న దూరం పదింతలు, కండరం లాగాల్సింది పదింతలు, నాలుగు వందల కిలోల బరువంత. అదే బస్తాను ఇరవై సెంటీమీటర్లకు లాక్కుంటే నూట అరవై. బస్తా మారలేదు, మనిషి మారలేదు, దూరం మారింది. గడ్డపారతో బండ కదిలించినవాళ్లకు ఈ సంగతి పుస్తకం లేకుండానే తెలుసు.

ఐకిడో గురించి కొత్తగా వినేవాళ్లకు రెండు ముక్కలు. దీన్ని తయారుచేసిన మొరిహే ఉయెషిబా 1883లో జపాన్‌లోని తనాబెలో పుట్టాడు. మనిషి పొట్టి, అయిదడుగుల పైన ఓ రెండంగుళాలు ఉంటాడేమో. 1915లో హొక్కైడోలో దైతో-ర్యూ అనే జపాన్ యుద్ధవిద్య నేర్పే సొకాకు తకెదా దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టి, దాన్ని తన పద్ధతిలో మార్చుకుంటూ పోయాడు. ఐకిడో అనే పేరు 1942లో స్థిరపడింది. 1969లో చనిపోయేదాకా నేర్పుతూనే ఉన్నాడు. సాధనలో ఇద్దరుంటారు. విసిరేవాళ్లను నాగే అంటారు, దాడి చేసి పడేవాళ్లను ఉకే అంటారు. గుద్దడం, తన్నడం ఇందులో చాలా తక్కువ. పట్టుకున్న మనిషి బ్యాలెన్స్ తీసేసి పడేయడమే అసలు పని.

బ్యాలెన్స్ తీసేయడం అంటే ఏం తీసేయడం?

తెలుగు మీడియంలో చదివినవాళ్లకు గరిమనాభి అనే మాట గుర్తుండే ఉంటుంది. వస్తువు బరువంతా ఒక్కచోట చేరినట్టు అనుకోదగ్గ బిందువు. ఈ మాట ఎవరు కట్టారో గానీ, మనిషి విషయంలో అది అక్షరాలా సరిపోయింది. నిలబడ్డ మనిషి గరిమనాభి దాదాపు నాభి దగ్గరే, ఇంకొంచెం కిందికి, పొట్ట లోపల వెన్ను వైపుగా ఉంటుంది. ఎత్తులో చూస్తే నేల నుంచి 55 శాతం పైచిలుకు. జపాన్ వాళ్లు తాందెన్ అని పిలిచేదీ, సాధనంతా అక్కడి నుంచే నడవాలి అనేదీ ఇంచుమించు ఈ చోటే. ఆ బిందువు నుంచి తాపీమేస్త్రి గుండు వేలాడదీస్తే, ఆ దారం మీ రెండు పాదాలూ, వాటి మధ్యనున్న జాగా దాటనంతసేపూ మీరు నిలబడతారు. దాటిందా, అడుగైనా వేయాలి, పడనైనా పడాలి.

ఆ దాటడానికి ఎంత కావాలో తెలిసినప్పుడు నేను ఆశ్చర్యపోయాను. పాదాలు కదపకుండా మనిషి ముందుకు ఒరగగలిగేది ఎనిమిది డిగ్రీలు. వెనక్కి అందులో సగం, నాలుగే డిగ్రీలు, ఎందుకంటే చీలమండ వెనక మడమ ఉన్నది కొంచెమే. అయిదున్నర అడుగుల మనిషి తలను నాలుగు డిగ్రీలు వెనక్కి తీసుకెళ్లడమంటే పదీ పదకొండు సెంటీమీటర్లు. బెత్తెడున్నర! ఎంత కండలు తిరిగిన పహిల్వానుకైనా అంతే. ఇంట్లోనే చూడొచ్చు: కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్న మనిషి నుదుటి మీద ఒక్క వేలు గట్టిగా ఆనించి లేవమనండి. చేతులు ఊతం పెట్టకుండా లేవలేరు. లేవాలంటే గరిమనాభి పాదాల మీదికి రావాలి, దానికి తల ముందుకు రావాలి, మీ వేలు దాన్ని రానివ్వదు. ఒక్క వేలికి అంత బలం ఎక్కడిది, అది ఉన్న చోటు అలాంటిది.

దిక్కు కూడా ముఖ్యమే. ముక్కాలి పీటకు ఒక కాలు విరిగితే అది ఆ కాలు లేని వైపుకే పడుతుంది కదా, మనిషికి ఉన్నవి రెండే కాళ్లు. రెండు పాదాల్నీ కలుపుతూ ఒక గీత గీస్తే, ఆ గీత వెంబడి నెట్టినప్పుడు మనిషి గోడలా నిలబడతాడు, ఆ గీతకు అడ్డంగా ముందుకో వెనక్కో లాగితే అక్కడ మూడో కాలు లేదు. మంచి నాగే చూసేది ఉకే ముఖం కాదు, ఆ లేని మూడో కాలు ఎక్కడుందా అని. జూడో స్థాపించిన జిగోరో కానో ప్రతి విసురునూ మూడు దశలుగా విడదీసి మొదటిదానికి కుజుషి అని పేరుపెట్టాడు, అంటే నిలకడ చెడగొట్టడం. ఐకిడోలోనూ అదే మాట వాడతారు. కుజుషి జరగని మనిషిని పడేయడమంటే అరవై డెబ్బై కిలోల బరువును ఉన్నపళంగా ఎత్తడమే, హమాలీ కూడా చేయని పని.

ఇంతవరకూ ఎదుటి మనిషి సంగతి. నా ఒళ్లు ఎలా ఉండాలి అన్నది ఇంకా ముఖ్యం అనిపిస్తుంది నాకు, ఎందుకంటే చాలామందికి చాలా ఏళ్లు అంతుపట్టనిది ఇక్కడే. నేను ఉకేను నెట్టడానికి నడుము వంచి ముందుకు ఒరిగానంటే, నా గుండు దారం నా పాదాలు దాటి వెళ్లిపోయింది. మరి నేనెందుకు పడలేదు? ఉకే మీద ఆనుకున్నాను కాబట్టి. ఉకే ఎందుకు పడలేదు? నా మీద ఆనుకున్నాడు కాబట్టి. గుడిసె మీద రెండు వాసాలు ఒకదానికొకటి ఒరిగి నిలబడినట్టు ఇద్దరం ఒకరినొకరం నిలబెట్టుకుంటున్నాం. అతనికి లేని మూడో కాలు నేనే ఇచ్చాను! ఎంత గట్టిగా నెడితే అంత గట్టి ఊతం ఇస్తున్నాను. రెండు నెలల భుజం నొప్పికి అర్థం నాకు అప్పుడు తెలిసింది. నిటారుగా నిలబడమని గురువు చెప్పేది చూపుకు బాగుంటుందని కాదు, ఎదుటివాడికి ఊతకర్ర కావద్దని.

నిటారు అంటే బిగుసుకుపోవడం అనుకోవద్దు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి వెన్నూ మెడా బిగుసుకుపోయిన పెద్దవాళ్లు మా మునుగోడు, మర్రిగూడ వైపు ఎంతోమంది ఉన్నారు. పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి, కాలికి చిన్న రాయి తగిలితే సర్దుకోవడం కష్టం. బ్యాలెన్స్ అంటే కదలకుండా ఉండడం కాదని వాళ్ల కష్టం చూసిన ఎవరికైనా తెలుస్తుంది. నిలబడ్డ మనిషి నిజానికి ఎప్పుడూ కొంచెం ఊగుతూనే ఉంటాడు, చీలమండలు, తుంటి, వెన్ను ప్రతి క్షణం ఆ ఊగును సర్దుతుంటాయి. ఐకిడోలో కావలసిన నిటారు ఇదే: నెత్తి మీద బిందె పెట్టుకున్న మనిషి వెన్నులాంటిది, నిలువుగా ఉంటుంది, లోపల మెత్తగా ఉంటుంది, మోకాళ్లు కొంచెం సడలి ఉంటాయి.

ఇప్పుడు ఒక విసురు దగ్గర నుంచి చూద్దాం. ఇరిమినాగే. ఉకే పైనుంచి చెయ్యెత్తి తల మీద కొట్టబోతాడు. నేను వెనక్కి పోను, ఎదురుగానూ ఉండను, అతని భుజం పక్క నుంచి ఒక అడుగు వేసి వీపు వెనకాలికి వెళ్లిపోతాను. నా తుంటి అతని తుంటికి దగ్గరగా ఉంది, ఇద్దరం ఇప్పుడు ఒకే వైపు చూస్తున్నాం. ఒక చెయ్యి మెడ వెనక ఆనించి అతని తలను నా భుజం వైపుకు తెచ్చుకుంటాను, హమాలీ బస్తాను ఒంటికి తెచ్చుకున్నట్టు. ఇక్కడ చెయ్యి లాగకూడదు. తల ఒంటికి ఆనిన తర్వాత నేను చేసేది ఒక్కటే, నా ఇరుసు మీద నేను వెనక్కి తిరగడం. ఇసుర్రాయి తలుచుకోండి. మధ్యనున్న మేకు ఉన్నచోటే ఉంటుంది, అంచున ఉన్న పిడి మాత్రం చేంతాడంత దారి తిరుగుతుంది. నా ఇరుసుకు అరవై సెంటీమీటర్ల దూరంలో ఉన్న ఉకే, నేను సగం చుట్టు తిరిగేసరికి దాదాపు ఆరడుగులకు పైన పరుగెత్తాలి. నేను తొందరపడలేదు, అతనికి మాత్రం కాళ్లు అందడం లేదు. పడకుండా లేచి నిలదొక్కుకోబోతాడు. అలా లేస్తున్నప్పుడే నా రెండో చెయ్యి అతని గడ్డం ముందుగా పైకి వెళ్లి, నేను అతని వెనక వైపుకు అడుగు వేస్తాను. కుర్చీలోని వేలు గుర్తుందా, ఇదీ అదే. తల బెత్తెడున్నర వెనక్కి వెళ్లింది, మడమలు దాటింది, ఇక బరువే కిందికి తీసుకెళ్తుంది.

ఈ వరసలో నా భుజం ఎక్కడైనా ఒక్కసారి పైకి లేచిందంటే పని చెడుతుంది. దానికి కారణం ఒంట్లోనే ఉంది. కండరాల లోపల సాగుడును పసిగట్టే సన్నటి పోగులుంటాయి. కండరం గభాలున సాగితే అవి వెన్నుపాముకు కబురు పంపుతాయి, మెదడు దాకా పోకుండానే, సెకనులో ఇరవయ్యో వంతు లోపలే ఆ కండరం బిగుసుకుంటుంది. అంటే నేను గుంజితే ఉకే ఆలోచించక ముందే అతని ఒళ్లు నాకు ఎదురు తిరుగుతుంది. మెల్లగా, ఆగకుండా సాగదీస్తే ఆ పోగులు అంతగా గోల చేయవు. కాబట్టి మెత్తగా చేయమనడం మర్యాద కోసం చెప్పే మాట కాదు.

'వంగని చెయ్యి' అని ఒకటి చూపిస్తారు, ఎదుటివాళ్లు రెండు చేతులతో వంచినా వంగదు, కి అనే శక్తి ప్రవహిస్తోంది అంటారు. నేను చూసినంతలో జరిగేది ఇది: మామూలు మనిషి చెయ్యి గట్టిగా పెట్టమంటే ముందు కండరాన్నీ వెనక కండరాన్నీ రెండింటినీ బిగిస్తాడు, ముందుది చేతిని తనంతట తానే వంచుతూ ఎదుటివాడికి సాయం చేస్తుంది. దూరంగా ఉన్న గోడలోకి నీళ్లు చిమ్ముతున్నట్టు ఊహించుకోమంటే ముందుది సడలిపోతుంది, వెనకది ఒక్కటే పనిచేస్తుంది. ఆ ఊహ పనికొచ్చే ఊహే, కి అనే మాటతో నాకు తగువు లేదు. ఆ మాట దగ్గరే ఆగిపోయి ఒళ్లు ఏం చేస్తోందో చూడకపోవడం మాత్రం నష్టం.

ఇంకొకటి, సమయం. నడిచే మనిషి ప్రతి వంద క్షణాల్లో ఎనభై క్షణాలు ఒంటి కాలి మీదే ఉంటాడు. పాదం నేలను తాకబోయే ముందు అది దిగాల్సిన చోటుకన్నా జానెడు అవతలికి అతన్ని నడిపిస్తే చాలు, బరువు అప్పటికే బయల్దేరింది, కాలు ఇంకా చేరలేదు. దీన్ని పట్టుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది, ఇప్పటికీ పది సార్లలో మూడు సార్లు దొరికితే సంతోషం.

తరగతిలో ఉకే పడడానికి ఒప్పుకునే వస్తాడు, అది దాచకూడదు. సహకారం లేకపోతే ఇద్దరికీ దెబ్బలు తగులుతాయి, నేర్చుకోవడమే ఉండదు. కానీ ఉకే మొహమాటానికి పడితే నాగేకు తన తప్పు ఎప్పటికీ తెలియదు. నేను ఆదివారాలు మా ఊరి పిల్లలకు నేర్పేటప్పుడు ఉకేకు చెప్పేది ఒకటే, బ్యాలెన్స్ పోతే పడు, పోకపోతే నిలబడే ఉండు. పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించు, తల వెనక భాగం నేలకు తగలనివ్వకు. నాగేకు చెప్పేది, తిరిగేటప్పుడు పాదం చాపకు అతుక్కుని ఉంటే మెలిక మోకాలికి పడుతుంది, మునివేళ్ల కింది మెత్త మీద తిరుగు, మోకాలూ కాలి వేళ్లూ ఒకే దిక్కు చూడాలి.

కిందటి వానాకాలం వడ్లప్పుడు ఆ పెద్దాయన మళ్లీ కనిపించాడు. నేను చెయ్యి చాపి, "గట్టిగ పట్టుకో పెద్దయ్యా, జరుపుత చూడు" అన్నాను. పట్టుకున్నాడు. ఆ పట్టు ఇనుప కడియం. నెడితే కదల్లేదు, పాదాలు ఒకటి ముందూ ఒకటి వెనకా, మోకాళ్లు సడలి, సరిగ్గా నేను పిల్లలకు నేర్పే నిలబడే తీరే అది, ఎవరూ నేర్పకుండానే. నేను నెట్టడం ఆపాను. మోచెయ్యి పక్కటెముకలకు తెచ్చుకుని, అతని రెండు పాదాల గీతకు అడ్డంగా, చేతిని సడలించి తుంటిని మాత్రం తిప్పుతూ ఒక అడుగు పక్కకు వేశాను. ఆయన ఒక్క అడుగు నా వెంట వచ్చాడు. ఒక్కటే. వెంటనే నిలదొక్కుకుని, చెయ్యి వదలకుండానే నా భుజం మీద రెండో చెయ్యి వేసి కిందికి నొక్కాడు.

"గిది లేస్తున్నది బిడ్డా. దీన్ని దించు. మల్ల ఒకపాలి గుంజు" అన్నాడు.