బావి ఒకటే, లోతులు రెండు

అనంతపురంలో కళ్లు చూపించుకుని వచ్చిన మా చిన్నమ్మ రెండు రిపోర్టులు నా ముందు పెట్టింది. కంటి ముందు గది లోతు పోయినేడు 2.9 మిల్లీమీటర్లు, ఇప్పుడు 2.4. "ఏమబ్బీ, ఏడాదికే కన్ను అంత పూడిపోయిందా?" అంది.

ఆమె టెన్షన్‌కు కారణం ఉంది. కంటి ముందుండే పారదర్శకమైన పొర కార్నియాకూ, కంటిపాప చుట్టూ రంగుగా కనిపించే ఐరిస్‌కూ మధ్య ఉండే ఆ నీటి గది లోతు బాగా తక్కువైతే, నీరు బయటికి పోయే మూల మూసుకుపోయి కంట్లో ఒత్తిడి పెరగవచ్చు. కంటి నరాన్ని దెబ్బతీసే గ్లకోమా జబ్బులో ఒక రకం అలాగే వస్తుంది.

కానీ చిన్నమ్మ కన్ను పూడలేదు. బావి లోతు గట్టు మీది నుంచి తాడు వదిలితే ఒకటి, నేల మట్టం నుంచి వదిలితే ఇంకొకటి వస్తుంది కదా. పాత మిషను కార్నియా పైతలం నుంచి కొలిచింది, కొత్తది లోపలి తలం నుంచి. కార్నియా మందం సుమారు అర మిల్లీమీటరు. తేడా అంతే.

ఏ మిషను చూపు దానిదే. షైంఫ్లగ్ కెమెరా సన్నని నీలి వెలుగు గీతను కంట్లోకి పంపి ఏటవాలుగా ఫొటో తీస్తుంది. దాని సూత్రానికి ఆస్ట్రియా సైనికాధికారి థియోడోర్ షైంఫ్లగ్ 1904లో పేటెంట్ తీసుకున్నాడు, అదీ ఆకాశం నుంచి తీసే ఫొటోల కోసం! కార్నియా ఆకారం, మందం ఇది చక్కగా చెబుతుంది. అసలు భయపడాల్సిన ఆ మూల మాత్రం కంటి తెల్లగుడ్డు అంచు చాటున ఉండిపోతుంది.

ఆ మూలను చూపేది ఓసీటీ, కంటి పొరలను అడ్డంగా కోసినట్టు చూపే స్కాన్. కంటికి కనిపించని పరారుణ కాంతితో, కన్ను తాకకుండానే తీస్తుంది. ఆ కాంతికి కంటిపాప ముడుచుకోదు కాబట్టి చీకటి గదిలోనూ తీయవచ్చు. ఇది చాలా ముఖ్యం. చీకట్లో పాప విచ్చుకుంటే ఐరిస్ మడత పడి మూలకు చేరుతుంది; వెలుతురులో తెరిచి ఉన్న దారి అప్పుడు మూసుకోవచ్చు. అందుకే గదిలో లైటు ఉందా లేదా అన్నది కూడా రిపోర్టులో రాయాలని నా పట్టుదల.

ఐరిస్ వెనక ఏముందో మాత్రం కాంతి చెప్పలేదు, అక్కడి నల్లరంగు అడ్డుకుంటుంది. అక్కడికి శబ్దం వెళ్తుంది. యూబీఎం అనే స్కాన్ సాధారణంగా 50 మెగాహెర్ట్జ్ శబ్దం వాడుతుంది, కడుపు స్కానింగ్ కన్నా పది రెట్లు. కాకపోతే మొద్దుబారే చుక్కలు వేసి, కంటి మీద నీళ్ల కప్పు పెట్టాలి.

చిన్నమ్మ రెండు రిపోర్టుల మీదా మిషను పేరు, ఎక్కడి నుంచి కొలిచిందీ పెన్నుతో రాసిచ్చాను. డాక్టరు మాత్రం అద్దాలున్న లెన్సు కంటికి ఆనించి ఆ మూలను స్వయంగా చూస్తానని వచ్చే సోమవారం రమ్మన్నారు.